ఆ మాటలో 'ఓ'

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో నేను నర్సు ట్రైనింగులో ఉన్నాను. సెలవులకు బొగ్గుగనుల దగ్గరి మా నాన్న క్వార్టరుకు వచ్చి, పొడుగాటి ఇంగ్లీషు జబ్బుల పేర్లు ముక్కలు చేసి బట్టీ పట్టేదాన్ని.

"న్యూమోకోనియోసిస్. న్యూమో అంటే ఊపిరితిత్తి, కోని అంటే దుమ్ము, ఓసిస్ అంటే జబ్బు. 'ఓ' దగ్గర ఒత్తి పలకాలి బాపూ" అనేదాన్ని.

బొగ్గుబాయిలో పనిచేసే బాపు, నన్ను దూరం నుంచి పిలిచినట్టు "ఓ...సిస్" అని సాగదీసి నవ్వేవాడు.

ఒకనాడు దవాఖానలో డాక్టరు బాపు ఎక్స్‌రే చూసి, ఆయనకు తెలియకూడదని ఇంగ్లీషులో నాతో ఆ మాటే అన్నారు.

"ఊపిరితిత్తిల దుమ్ము పడ్డదా బిడ్డా? ఫికర్ చెయ్యకు. మంచిగనే నేర్పినవ్" అన్నాడు బాపు.

ఇప్పటికీ ఎవరైనా ఆ మాట పలికితే, 'ఓ' దగ్గర "వస్తున్న బాపూ" అనబోయి ఆగిపోతాను.