పుల్లమ్మగారి పికప్

మా నాయనమ్మ పుల్లమ్మకు మంచి పికప్ అంటే గిట్టదు. పికప్ అంటే గిటారుకు అతికించే చిన్న బిళ్ళ, తీగల మోతను స్పీకరుకు అందిస్తుంది. అది ఎంత నాసిరకమైతే ఆమెకు అంత ముద్దు.

నందిగామ హాస్టల్లో చదువుకునే రోజుల్లో గిటారు నేర్చుకుంది. జగ్గయ్యపేట చుట్టుపక్కల ఎక్కడ సువార్త సభ పెట్టినా ఆమె వాయించాలి, మా తాతయ్య జ్ఞానయ్య పాడాలి. చరణం పైకెక్కే చోటు రాగానే స్పీకర్లో గర్ర్‌మనేది. "ఆగండి, పికప్ పోయింది" అని మైకులోనే చెప్పేది. వైరు పీకి, ఊది, గుచ్చి, గిటారు మెడమీది క్లిప్పు వెనక్కి జరిపి మళ్ళీ మొదలెట్టేది. ఈసారి పాట కాస్త కింది శ్రుతిలో నడిచేది. పికప్ పోతే శ్రుతి కూడా దిగుతుంది కాబోలనుకునేదాన్ని. నా సంగీతమూ నా చదువులాగే సగంలో ఆగింది.

తాతయ్యకు తల కొట్టేసినట్టుండేది.

"నేను గొంతెత్తే టైముకే చస్తుందేంటే అది? ముక్త్యాలలో అంతే, చందర్లపాడులో అంతే."

"దానికి మీ గొంతంటే భయమండీ."

సౌండ్ బాక్సులు పెట్టే ప్రేమదాసు మాత్రం ప్రతి సభలోనూ నెత్తి బాదుకునేవాడు.

చివరికి తాతయ్య మమ్మల్ని బెజవాడలో గిటార్ల కొట్టుకు తీసుకెళ్ళాడు. కొట్టతను పికప్ లోపలే బిగించి ఉన్న గిటారు ఇచ్చాడు. నాయనమ్మ వాయించి, వైరు కదిపి చూసి పెదవి విరిచింది. గిటారు గుంటకు బిగించేది ఇచ్చాడు. అదీ నచ్చలేదు.

"ఏం బాలేదమ్మా?"

"గట్టిగా ఉంది బాబూ."

అతను విసుగెత్తి, ఎవరో తిరిగిచ్చేసిన బిళ్ళ ఒకటి చూపించాడు. వైరు లూజట. నాయనమ్మ వేలితో అలా తాకిందో లేదో, గర్ర్. ఆమె మొహం వెలిగిపోయింది.

తాతయ్య నా చెవిలో గొణిగాడు. "నన్నూ ఇట్లాగే ఎంచుకుందేమోనే."

ఆ బిళ్ళతోనే చాలా సభలు నడిచాయి. ఈ వయసులోనూ గొంతు చెక్కుచెదరలేదని జనం మెచ్చుకుంటే, పికప్ బాగుంటే ఇంకా పైకి పోయేవాణ్ణని తాతయ్య మీసం దువ్వేవాడు. ఆ నమ్మకంతోనే పోయిన వానాకాలం కన్నుమూశాడు.

ఆ తర్వాత నాయనమ్మ వేరేవాళ్ళ పాటలకు వాయించింది. పికప్ ఒక్కసారి కూడా పాడవలేదు. బాగుపడిందా అనడిగాను. గిటారు తుడుస్తూ తల వంచుకునే చెప్పింది.

"పైకెక్కే ముందు మీ తాతయ్య మెడనరం ఉబ్బేదే. అది చూడగానే వైరు కదిపి, క్లిప్పు జరిపి శ్రుతి దించేదాన్ని, గొంతు చీలేలోపు." గుడ్డ మడిచి పక్కన పెట్టింది. "ఒక్క పాటన్నా ఆపకుండా పాడనియ్యాల్సింది. చీలితే చీలేది. ఇప్పుడు వినాలనుంది."

మొన్న జగ్గయ్యపేట సభలో తాతయ్య పాట నాచేత పాడించారు. పైకెక్కే చోట నా గొంతు అచ్చం తాతయ్య గొంతులాగే వణికి, కాస్త చీలింది. నాయనమ్మ కళ్ళు మూసుకుని ఆ కాస్తా విన్నది. ఆ తర్వాతే గర్ర్‌మంది.

"ఆగండి, పికప్ పోయింది."

ప్రేమదాసు చేతులు జోడించాడు. "అమ్మా, ఇకనైనా మంచిది కొనండమ్మా."

"ఇంతకన్నా మంచిది దొరకలేదు నాయనా" అంది క్లిప్పు వెనక్కి జరుపుతూ.