మందు గురించి అడుగుతూనే వెళ్లిపోయిన నర్సమ్మ

గత నెల ఒక మంగళవారం పొద్దున గరివిడిలో బస్సు కోసం నిలబడి ఉంటే నాన్న ఫోన్ చేశాడు. "మన నర్సమ్మ పోనాదిరా" అన్నాడు. వెంటనే ఫోన్ పెట్టేశాడు.

ఆమె మాకు చుట్టం కాదు. మా ఎదురిల్లు. నేను పిన్ని అని పిలిచేవాణ్ణి. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఏఎన్ఎం నర్సుగా నడిచి నడిచి రిటైరైన మనిషి. ఇవాళ మా నాన్న బతికున్నాడంటే ఆమె వల్లే.

ఆరేళ్ల కిందటి మాట. నాన్న మొక్కజొన్నకి పురుగుమందు కొట్టి మధ్యాహ్నం ఇంటికొచ్చాడు. వస్తూనే అరుగు మీద కూలబడి వాంతి చేసుకున్నాడు. ఒళ్లంతా చెమట, నోట్లోంచి ఆగకుండా చొల్లు. ఊళ్లో వైద్యం చేసే ఆర్ఎంపీ వచ్చి, ఎండదెబ్బకి తోడు కడుపులో ఇన్ఫెక్షన్ అని ఒక యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేసి వెళ్లాడు. గంటయినా తగ్గలేదు. పైగా చేతుల మీద కండ దానంతటదే అదరసాగింది. అమ్మ ఏడుపు విని పిన్ని వచ్చింది.

నాన్న రెప్ప ఎత్తి చూసింది. "ఓలమ్మ, కంటిపాప గుండుసూది మొనంత అయిపోనాదేటి!" అంది. తర్వాత వంగి నాన్న చొక్కా వాసన చూసింది.

"బావా, ఈ పొద్దు సేలో ఏటి కొట్టినావు?"

నాన్న మాట్లాడలేక మూల ఉన్న స్ప్రేయర్ వైపు చెయ్యి చూపించాడు. దాని ట్యాంకు కారి వీపంతా తడిసి ఉంది. మేమంతా అది చెమటే అనుకున్నాం.

"ఇది జొరం కాదు బావూ. మందు తోలులోంచి ఒంట్లోకి దిగిపోనాది. సొక్కా కోసెయ్. సబ్బు తే, నీళ్లు తే. ముందు సేతులకి కవర్లు తొడుక్కో" అని నన్ను పరిగెత్తించింది. 108కి ఫోన్ చేయించింది. బండి ఎక్కేటప్పుడు మందు సీసాని కవర్లో చుట్టి నా చేతిలో పెట్టి, "ఇది డాక్టరికి సూపించు. పేరు సదివితేనే ఇరుగుడు తెలుస్తాది" అంది.

విజయనగరం ఆసుపత్రిలో డాక్టరు సీసా మీద పేరు చదివి వెంటనే ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. ఇంకో గంట ఆలస్యమైతే ఊపిరి అందేది కాదన్నాడు. ఆరో రోజున నాన్న తన కాళ్ల మీద నడిచి ఇంటికొచ్చాడు.

మా మటుకు కథ అక్కడ అయిపోయింది. పిన్నికి అక్కడే మొదలైంది. ఆ మందు మనిషిని ఎలా పడుతుందో తెలుసుకోవాలని బస్సెక్కి విజయనగరం వెళ్లి ఆ డాక్టరునే అడిగి వచ్చింది. "పురుగు నరానికి ఏటవుతాదో మన నరానికీ అదే అవుతాదట. అది సిన్నది, మనం పెద్దోళ్లం, అంతే తేడా" అని మాకు చెబుతుంటే, కొత్త పాఠం నేర్చుకున్న పిల్లలా ఆమె ముఖం వెలిగిపోయింది.

ఆ తర్వాత మందు కొట్టే ఇంటింటికీ వెళ్లేది. సలహా ఇచ్చేది కాదు, అడిగేది. కొట్టొచ్చాక తలనొప్పి వస్తాదా? కళ్లు మసకేస్తాయా? ఆ సొక్కా ఎవులు ఉతుకుతారు? చివరి ప్రశ్నకి ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. మా అమ్మ కూడా అప్పటిదాకా నాన్న మందు చొక్కాని అందరి బట్టల్తో కలిపే నానబెట్టేది.

ఒకరోజు నేనే అడిగాను, "పిన్నీ, ఆ రోజు ఆర్ఎంపీ ఆ ఇంజెక్షన్ ఎందుకేశాడు?"

"నానూ అలాగే ఇచ్చినాన్రా. జలుబన్నా యాంటీబయాటిక్ బిళ్ల, ఒళ్లు నొప్పులన్నా అదే బిళ్ల. ఇవ్వకపోతే నర్సమ్మకి పని రాదంటారని బయం. నాకు జొరమొస్తే నానూ రెండు మింగి మిగతాయి దాసుకునీదాన్ని" అంది.

ఇంకోసారి నాకు జలుబు చేసి మందుల షాపు నుంచి బిళ్లలు తెచ్చుకుంటే వీధిలోనే ఆపింది. "ఎవులు రాసినారు?"

"షాపాయన ఇచ్చాడు."

"షాపాయన నీ ముక్కులోకి తొంగి సూసినాడేటి?"

నవ్వొచ్చి బిళ్లలు షాపులో తిరిగి ఇచ్చేశాను. నాలుగు రోజులకి జలుబు దానంతటదే పోయింది.

పోయినేడు పిన్నికి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. వణుకు, జ్వరం. ఏ బిళ్లకీ లొంగలేదు. ఆసుపత్రిలో చేర్చి, ఏ మందు పనిచేస్తుందో తేల్చే కల్చర్ పరీక్ష చేయించాం. కాగితంలో మందుల పేర్ల ఎదుట దాదాపు అన్నిచోట్లా పనిచేయదనే రాసుంది. మేం బెంగపడితే ఆమె మాత్రం ల్యాబ్ అమ్మాయిని పిలిచి, అదెలా కనిపెడతారో చూపించమంది. ఆ అమ్మాయి ఫోన్లో ఒక ఫోటో చూపించింది. గుండ్రటి పళ్లెం నిండా సూక్ష్మజీవి పొర, దాని మీద చిన్న చిన్న మందు బిళ్లలు. ఒక్క బిళ్ల చుట్టూ మాత్రమే ఖాళీ ఉంది.

పిన్ని కళ్లజోడు సర్దుకుని చూసింది. "మిగతా బిళ్లల్ని ఆనుకునే పెరిగిపోనాది సూడు! భలే నేర్సుకున్నాదిరా" అంది. మరి కాసేపటికి, "మనమే నేర్పినాం" అంది.

ఆ ఒక్క మందుతో బాగై ఇంటికొచ్చింది. మళ్లీ ఇంటింటికీ తిరిగింది. కానీ ఈ ఏడు జబ్బు తిరగబెట్టింది. కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆఖరి ఆదివారం నేను కొత్త కల్చర్ రిపోర్టు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లేసరికి కళ్లు మూసుకుని ఉంది.

"రిపోర్టు వచ్చినాదా? సదువు."

కిందటిసారి పనిచేసిన మందు ఎదుట కూడా పనిచేయదనే ఉంది. ఒక్కటైనా పనిచేస్తుందని అబద్ధం చెబుదామనుకున్నాను. ఆమె కళ్లు తెరిచి నాకేసి చూసింది. ఉన్నది ఉన్నట్టు చదివాను.

"మంచి పని సేసినావు. ఆ కాయితం పారీకు. మనూళ్లో రేపు ఇంకెవులికైనా ఇదే వస్తే డాక్టరికి పనికొస్తాది" అంది. చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది. నేను లేచేదాకా వదల్లేదు.

ఆమెని శ్మశానానికి తీసుకెళ్లే దారి మొక్కజొన్న చేల మధ్య నుంచే. పైరు మనిషిని మించి ఎదిగి పూతకొచ్చింది. దారి ఇరుకు కావడంతో మోసేవాళ్ల భుజాలు రెండువైపులా మొక్కలకి రాసుకున్నాయి. పచ్చటి పుప్పొడి జలజల రాలి ఆమె మీద కప్పిన తెల్లబట్టంతా పరుచుకుంది. ముందు నడుస్తున్న నాన్న ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. దులపబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అలాగే ఉండనిచ్చి అందరం నడిచాం.