ఉపవాసం రోజు అడిగిన అన్నం

సర్వజ్ఞానానికి ఊట అయిన దేవునికి స్తోత్రం. నోరు తెరిచి చెప్పుకోలేని వారి మొర కూడా వినే ఆయన నామానికే మహిమ కలుగును గాక.

చనిపోయినవాళ్లు తిరిగి వస్తారనే మాట నేను ఎన్నడూ నమ్మలేదు. సండే స్కూల్లో పిల్లలకు కూడా అలాగే చెబుతాను. అందుకే ఈ సంగతి రాయడానికి ఇంతకాలం వెనకాడాను.

మాది తెనాలి. మావారికి ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం రావడంతో శంషాబాద్‌లో స్థిరపడ్డాం. శుక్రవారం మా స్త్రీల కూడిక ఉపవాసం. మధ్యాహ్నం ప్రార్థన, సాయంత్రం దాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టం.

ఒక శుక్రవారం, కూడికకు వచ్చే స్వరూప నన్ను పక్కకు పిలిచి ఏడ్చింది. మామ పోయినప్పటి నుంచి వాళ్ల అత్త యాదమ్మ తినడం లేదు. డాక్టరు పరీక్షలన్నీ చేసి రోగమేమీ లేదన్నారు. ఇలాగే ఉంటే మాత్రం ఎక్కువ కాలం బతకదని చెప్పారట.

"ఆకలైతలేదు బిడ్డా అంటది. గంతే అక్కా," అంది స్వరూప.

స్వరూప, ఆమె భర్త ఇద్దరూ ఎయిర్‌పోర్టులో షిఫ్టు పనివాళ్లు. అయినా ముసలామెను ప్రేమగానే చూసుకుంటారు. అన్నం ఉడకగానే మొదటి పళ్లెం ఆమెకే. ఆమె తిన్నాకే తాము తినాలని కాచుకుని కూర్చుంటారు. ఆమె ముద్ద కలుపుతుంది, అలాగే వదిలేసి చెయ్యి కడుక్కుంటుంది.

కూడిక అయ్యాక స్వరూపతో వాళ్లింటికి వెళ్లాను. దారంతా ఒక్కటే అడిగాను. ప్రభువా, నా తెలివి చాలదు, నీ ఆత్మ ఇచ్చే బుద్ధి వాక్యం ఒక్కటి నా నోట పెట్టు అని.

యాదమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. చేతులు ఎండిన కందికట్టెల్లా ఉన్నాయి. ఆమె మా విశ్వాసం మనిషి కాదు. అయినా కొంగు సర్దుకుని, నాకు చాయ్ పెట్టమని కోడలికి చెప్పింది. ఈరోజు ఉపవాసమమ్మా, వద్దన్నాను.

ఓదార్పుకు ఒక కీర్తన చదవాలని బైబిలు తెరిచాను. నోరు తెరిస్తే వచ్చింది వేరే మాట.

"ఆకలైతుంది. జర మాడు గీకి పెట్టు."

గొంతు నాదే. మాట నాది కాదు. నాకు ఆకలి లేదు. అడుగంటిన అన్నం నాకు సయించదు. ఇక్కడికొచ్చి ఇన్నేళ్లయినా నా నోట ఆ యాస పలికింది లేదు.

యాదమ్మ నన్ను తేరిపార చూసింది. "ఒక్కపొద్దంటివి గద. గింతల్నే ఏమాయె?"

నేను బైబిలు మూసేశాను.

"మీ ఆంధ్రోల్లు మాడు గిట్ల తింటరా?" అంటూనే గోడ పట్టుకుని లేచింది. స్వరూప సాయం పోబోతే కసిరింది. "నువ్వు కూసో. నీ కరెంటు కుక్కర్ల మాడెట్లొస్తది?" పాత సిల్వర్ గిన్నె తీసి తనే పొయ్యి మీద ఎసరు పెట్టింది.

మాడు గీకి, ఉల్లిగడ్డ, కారం వేసి నా ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది. ఉపవాసం విడిచి తిన్నాను. కాదనే ధైర్యం రాలేదు. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి, ఆ ఎంగిలి పళ్లెంలోనే అన్నం పెట్టుకుని ఆమె తింటోంది. స్వరూప నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నా లగ్గమైనకాన్నుంచి ఆయన తిన్నంకనే తిన్న, ఆ పళ్లెంలనే," అంది యాదమ్మ కాసేపటికి. "మీరేమో ముందుగల్ల నాకే పెడ్తిరి. ఇంట్ల ఒక్కలన్న తినకుంట ముద్ద గొంతుల దిగుతదా?"

"మరి చెప్పకపోతివి అత్తా."

"నాకే ఎరుకలేకుండె బిడ్డా."

గుమ్మం దాకా సాగనంపుతూ స్వరూప చెప్పింది. మామ రోజూ కాళ్లు కడుక్కుని వచ్చి, నా నోట వచ్చిన ఆ మాటే అనేవాడట. కుక్కర్ కొన్నాక మాడు రావడం లేదని అలిగాడట కూడా. నేను ఆయన్ని ఎన్నడూ చూడలేదు. స్వరూప ఎప్పుడైనా మాటల మధ్య చెప్పిందేమో, నేనే మరిచానేమో అని ఎంతో ఆలోచించాను. చెప్పనే లేదని ఆమె గట్టిగా అంటుంది.

పాస్టరుగారిని అడిగితే, చెట్టును పండును బట్టి తెలుసుకో, ఆమె తింటోంది కదా అన్నారు. అది దేవుడిచ్చిన బుద్ధి వాక్యమేనని నేనూ నమ్ముతున్నాను. కానీ ఆయన అన్ని మాటలుండగా చనిపోయిన మనిషి మాటనే ఎందుకు ఎన్నుకున్నాడో, ఆ యాస నా నాలుక మీదికి ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

ఇప్పుడు ఆ ఇంట్లో స్వరూప సిగ్గుపడుతూనే అత్తకంటే ముందు తింటుంది.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కలిసి కళ్లు మూసుకోండి. తండ్రీ, యాదమ్మ రేపు కూడా తినాలి. ఒంటరిగా పళ్లెం ముందు కూర్చున్న ప్రతివారి పక్కన, వారికంటే ముందు ఒక ముద్ద తినే మనిషిని కూర్చోబెట్టు. ఆమేన్.