వాసన చంపే మందు

మనిషి వాసన దుప్పికి తగలకుండా చేసే మందులు నిజంగా పనిచేస్తాయా లేదా అని మొన్న ఒక పెళ్ళి భోజనాల దగ్గర ఇద్దరు పెద్దమనుషులు గొంతులు చించుకుని వాదించుకున్నారు. పక్కనే కూర్చున్న నన్ను ఒక్క మాట అడగలేదు. వేట సంగతి ఆడదానికేం తెలుసనుకున్నారు కాబోలు. వాళ్ళిద్దరికీ కలిపి తెలిసినదానికంటే నాకే ఎక్కువ తెలుసు. ఆ మందు కొట్టిన బట్టలు ఉతికింది నేను. ఆ మందు పేరు చెప్పి మాటలు పడింది నేను. చివరికి ఆ మందు కోసం నా బిడ్డ ప్రాణం మీదికి తెచ్చినవాళ్ళతో పోట్లాడిందీ నేనే.

నేను మధిర వైపు పిల్లను. పెళ్ళయ్యాక పినపాక దగ్గర, అడవిని ఆనుకుని ఉన్న పల్లెకు వచ్చాను. ఇంట్లో మా అత్తగారు, మా ఆయన, ఆయన అన్నగారు. బావగారి భార్య చాలా కాలం కిందటే పోయింది. అప్పట్నుంచీ ఆయన తుపాకినే కట్టుకున్నాడని ఊళ్ళో ఎకసెక్కంగా అనుకునేవారు. వేట నేరమని చట్టం వచ్చి అప్పటికే ఏళ్ళు గడిచాయి. ఇంట్లో ఎవరైనా ఆ మాటెత్తితే, "గది పట్నపోళ్ళకు పెట్టిన చట్టం, మనకు కాదు" అని కొట్టిపారేసేవాడు.

వేటకు పోయే ముందు రోజు మా ఇంట్లో ఆంక్షలు చూడాలి! పొయ్యి మీద తాలింపు పడకూడదు. వెల్లుల్లి పొట్టు కూడా వలవకూడదు. వేట బట్టలకు సబ్బు తగలకూడదు, ఒట్టి నీళ్ళలో జాడించి గొడ్ల కొట్టంలో పిడకల పొగ పట్టించాలి. నా తలలో పూలు వద్దు, మొహానికి పౌడరు వద్దు. నేను బయట చేరిన రోజైతే ఆ బట్టలున్న గది గుమ్మం వైపు కూడా పోకూడదు. నా ఒంటి వాసన ఆ బట్టలకు అంటి, బట్టల నుంచి గాలికి అంటి, గాలి నుంచి అడవిలో దుప్పి ముక్కుకు తగులుతుందట. ఎంత దూరం ఆలోచించారో చూడండి!

సరే, ఇంత నిష్ఠ పట్టిన మనిషి తాను ఏం చేసేవాడు? బుగ్గన జర్దా పాను దట్టించుకుని మంచె ఎక్కేవాడు. ఆయన పాను నమిలితే వీధి చివరి ఇంటికి తెలిసేది. ఆ ఘాటు దుప్పికి తగలదు, నా తలలో మూర మల్లెపూలు మాత్రం తగులుతాయి. ఆ మాట నోటిదాకా వచ్చేది. కొత్త కోడలిని, మింగేసేదాన్ని.

ఖాళీ చేతులతో తిరిగొచ్చాడంటే ఇక ఆ పూట నాకు తద్దినమే. అరుగు మీద కూలబడి, "ఇంట్ల ఏందో వాసన తగిలిందమ్మా. కొమ్ముల దుప్పి, గింత దగ్గర నిలబడి, ముక్కెగరేసి పోయింది" అని అత్తగారికి చెప్పేవాడు. నాకు నేరుగా చెప్పేవాడు కాదు.

అత్తగారు నా వైపు తిరిగేది. "ఏం పూసుకున్నవే పిల్లా?"

"ఏమీ పూసుకోలేదు అత్తమ్మా."

"మరి గట్లెట్ల పోతది?"

ఎలా పోతుందో దుప్పినే అడగాలి. నన్నడిగితే నేనేం చెప్పేది?

మా పాప పుట్టిన తర్వాత వచ్చిన చలికాలంలో, బావగారి స్నేహితుడొకాయన, హైదరాబాదులో టైర్ల వ్యాపారం చేసేవాడు, మా ఇంటికి వస్తూ ఒక సీసా పట్టుకొచ్చాడు. ఫారిన్ సరుకట. సీసా మీద కొమ్ముల జంతువు బొమ్మ. పైన నొక్కితే తుంపర తుంపరగా పడుతుంది. "ఇది కొట్టుకున్నవంటే అక్కడ మనిషున్నట్టే తెల్వదు. దుప్పి వచ్చి నీ ఒళ్ళె కూసుంటది" అన్నాడాయన. ఒళ్ళో కూర్చునే దుప్పికి మళ్ళీ తుపాకి ఎందుకని నాకు నవ్వొచ్చింది. బావగారికి నవ్వు రాలేదు. సీసాను రెండు చేతులతో పట్టుకుని దేవుడి గూటి పక్కన పెట్టాడు.

వాసన చంపే మందుకు అంత వాసనేమిటో నాకు అర్థం కాలేదు. తడి మట్టి, కుళ్ళిన ఆకు, మందుల షాపు, అన్నీ కలిపినట్టుండేది. కుళ్ళిన ఆకంటే మా అడవి ఆకూ కాదు. టేకాకు కుళ్ళినా తునికాకు కుళ్ళినా నేనెరుగుదును. అది ఏ దేశపు చెట్టుదో, మా దుప్పులు పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చూసి ఉండవు.

మందొచ్చింది కదా, ఇక నా తాలింపు నాకు దక్కుతుందని సంబరపడ్డాను. ఎక్కడ! ఆంక్షలు ఇంకా బిగిశాయి. అంత దూరం నుంచి వచ్చిన మందు ఇంటి వాసనలకు చెడిపోకూడదట. పాపకు నీళ్ళు పోశాక సాంబ్రాణి పొగ వెయ్యొద్దన్నారు. పసిపిల్ల తల ఆరాలా వద్దా? వేట ముందు రోజు నన్నూ పాపనూ వెనక వసారాలోకి పొమ్మన్నారు. చలిలో, గోనెపట్టాలు అడ్డం కట్టుకుని పడుకున్నాం. "పాల కంపు ఇల్లంత కొడుతున్నది" అన్నాడు బావగారు. కంపట! నా బిడ్డ తాగే పాలు ఆయనకు కంపు. ఒళ్ళు భగ్గుమంది. మా ఆయన వైపు చూశాను. ఆయన తల దించుకుని చెప్పులు తుడుచుకుంటున్నాడు.

మందు కొట్టుకుని పోయిన మొదటిసారి ఒక దుప్పి పడింది. ఇంకేం, ఊరంతా ఆ సీసా గొప్పే. చూడ్డానికి జనం వచ్చారు. ఆ తర్వాత పోయినవన్నీ వట్టి చేతులే. దొరికితే మందు మహిమ, దొరక్కపోతే నా పాపం. ఇదెక్కడి న్యాయమండీ?

నాకు కోపం ఇంకా ఎందుకు పెరిగిందంటే, ఆయన జీపేసుకుని అడవిలో ఎక్కడెక్కడో వెతికే దుప్పులు మా పెరటి వెనకే ఉండేవి. కంచె దాటితే పెసర చేను, చేను దాటితే అడవి. పొద్దు వాలే వేళకు గుంపుగా దిగేవి. ఇటు నేను ఎండుచేపలు వేయిస్తుంటే అటు అవి తీరిగ్గా పెసర తీగలు మేసేవి. గాలి అటునుంచి మా ఇంటి వైపు వీస్తున్నంతసేపూ వాటికి నేనొకదాన్ని ఉన్నట్టే పట్టేది కాదు. గాలి తిరిగి నా పొయ్యి పొగ చేను వైపు పోయిందా, అన్నీ ఒక్కసారి తలలెత్తేవి, మరుక్షణం చేను ఖాళీ. ఇదేమంత గొప్ప విద్య కాదు. పొయ్యి ఊదుకునే ఏ ఆడదాన్నడిగినా గాలి ఎటుందో చెబుతుంది. పొగ కళ్ళలోకే కదా వచ్చేది.

ఇదేదో తేల్చుకోవాలని నాకు పట్టుదల వచ్చింది. బావగారు వేసుకుని విప్పిన చొక్కా, ఇంకా ఉతకనిది, తీసుకుని మందు బాగా కొట్టాను. గాలి చేను వైపు పోతున్న సాయంత్రం చూసి కంచెకు తగిలించాను. దుప్పులు వచ్చాయి. వచ్చి ఆగాయి. ముందున్నది కాలు నేలకేసి కొట్టి అరిచింది, అంతే, తోకలెత్తుకుని పరుగు. ఇంకోరోజు మందు కొట్టని చొక్కా కట్టాను. అప్పుడూ పారిపోయాయి. అబద్ధమెందుకు చెప్పాలి, మందు కొట్టిన రోజు కాస్త దగ్గరిదాకా వచ్చాయి. అంతవరకు దాని గొప్ప ఒప్పుకుంటాను. కానీ గాలి నా వైపు వీస్తున్న రోజున, మందు లేదు మాకు లేదు, కంచె పక్కన నేనే నిలబడ్డా అవి మేత మానలేదు.

మంచి మాటే కదా, చెబితే సంతోషిస్తారనుకున్నాను. అన్నం వడ్డిస్తూ మా ఆయనకు చెబుతున్నట్టుగా బావగారికి వినపడేలా చెప్పాను. ముద్ద నోట్లో పెట్టుకోబోతున్న మనిషి ఆగిపోయాడు.

"మందు సీస ముట్టుకున్నవా?" మొదటిసారి నన్నే నేరుగా అడిగాడు. "ఏ చేత్తోని?"

ఏ చేత్తోనంటే ఏం చెప్పను? నాకున్నవి రెండే చేతులు.

అత్తగారు అందుకుంది. "ఉల్లిగడ్డలు కోసిన చేత్తోని ముట్టుకుంటే ఇగ మందేం పనిచేస్తది? గందుకే గీ మధ్య ఒక్కటి దొరుకుతలేదు."

"అవ్, గదే అయివుంటది" అన్నాడాయన. గాలి మాట గాలికే పోయింది. ఉల్లిగడ్డ కోసిన ఆ చేతులు వండిన అన్నమే అప్పుడు ఆయన నోట్లో ఉంది. దానికేం వాసన తగల్లేదు పాపం, మారు వడ్డించుకుని మరీ తిన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు పాపకు జలుబు చేసింది. చేయదా మరి, వసారాలో ఆ చలిగాలికి? దగ్గు పట్టింది. ఒకరోజు మధ్యాహ్నం చూస్తే ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకలు లోపలికి లాగేస్తున్నాయి. పెదాలు నల్లబడ్డాయి. పాలు పట్టబోతే నోరు తెరవడం లేదు. పక్కింటావిడ నీలగిరి తైలం సీసా తెచ్చిస్తే రొమ్ముకూ వీపుకూ రాశాను. ఏం తగ్గలేదు.

మధ్యాహ్నం బస్సు పోయింది, మళ్ళీ బస్సు సాయంత్రానికే. ముంగిట్లో జీపు ఉంది. కడిగి, లోపలా బయటా మందు కొట్టి, తుపాకి, టార్చిలైటు, మడత పెట్టిన వేట చొక్కా అన్నీ సర్ది, బయల్దేరడానికి సిద్ధంగా ఉంది.

మా ఆయన వెళ్ళి అడిగాడు. "అన్నా, పాపకు ఊపిరాడ్తలేదు. జల్దీ భద్రాచలం దవాఖానాకు తీస్కపోదాం."

బావగారు పాప వైపు చూడలేదు. నా చేతిలోని తైలం సీసా వైపు చూశాడు. "సాయంత్రం బస్సుకు తీస్కపో. బండికి ఇప్పుడే మందు కొట్టిన. గా తైలం కంపంటితే, పిల్ల కక్కితే, ఇగ వారం దాంక వేటకు పనికిరాదు."

మా ఆయన అక్కడే నిలబడిపోయాడు. అత్తగారు గుమ్మంలోంచి, "చిన్నపిల్లలకు దగ్గు రాదా ఏంది, తగ్గుతది" అంది.

అప్పుడు నాకేమైందో నాకే తెలియదు. పాపను భుజాన వేసుకుని వెళ్ళి జీపు ముందు సీట్లో కూర్చున్నాను.

"దిగమ్మా" అన్నాడు బావగారు.

"దిగను."

"చెప్తుంటె ఇనపడ్తలేదా? దిగు!"

సీసా మూత తీసి తైలమంతా బోర్లించాను. సీటు మీద, కింద, ఆ వేట చొక్కా మీద, చుక్క మిగలకుండా. ఘాటుకు నా కళ్ళలోనే నీళ్ళు తిరిగాయి.

"చూడండి బావగారూ. ఇక ఈ బండి మీ వేటకు పనికిరాదు. దవాఖానాకైతే పనికొస్తుంది. పోనివ్వండి."

అత్తగారు కొంగుతో ముక్కు మూసుకుని శాపనార్థాలు పెట్టడం మొదలెట్టింది. బావగారి మొహం కందగడ్డయింది. కొడతాడేమో అనుకున్నాను. కొట్టనీ, పాపను వదలకుండా ఉంటే చాలనుకున్నాను. అప్పుడు మా ఆయన కదిలాడు. వెనక నుంచి తుపాకి తీసి అరుగు మీద పెట్టి, జీపెక్కి కూర్చున్నాడు. అన్నకు ఎదురుగా ఆయన చేసిన మొదటి పని అదే. ఒక నిమిషం ఆలస్యంగానైనా చేశాడు, పోనీలే.

బావగారు బండి తోలాడు. గోదావరి వంతెన దాటేదాకా నేను పాప ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నాను, వెచ్చగా తగులుతోందా లేదా అని.

దవాఖానాలో ఇంజెక్షను ఇచ్చారు, ముక్కుకు గొట్టం పెట్టి గాలి అందించారు. చాలాసేపటికి పెదాలకు రంగు తిరిగింది. చిన్నగా ఏడ్చింది. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చాను. మా ఆయన గోడకు తల ఆనించుకుని నిలబడ్డాడు.

అంతసేపూ బయట జీపు దగ్గరే ఉన్న బావగారు అప్పుడు లోపలికి వచ్చాడు. మంచం పక్కన ఆగాడు. ఎంతైనా మనిషి కదా, పాపకెలా ఉందని అడుగుతాడనుకున్నాను. అడిగితే ఆ క్షణాన నేను ఆయన చేసిందంతా మరిచిపోయేదాన్ని, నిజంగా మరిచిపోయేదాన్ని.

"గా తైలం వాసన ఎట్ల పోతదమ్మా?" అని అడిగాడు.