కరెంటు లేని రోజుల్లో ఎంజైమ్ పూసలు

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో నేను హైదరాబాద్‌లో పరిశోధన చేస్తున్నాను. సోయాపాలు తాగితే చాలామందికి కడుపు ఉబ్బుతుంది. ఆ పాలలోని కొన్ని చక్కెరలను అరిగించే ఎంజైమ్ మన ఒంట్లో లేదు. అవి పేగుల్లోకి దిగి, పులిసి, గ్యాస్ అవుతాయి. ఆ ఎంజైమ్‌ను సగ్గుబియ్యమంత జెల్లీ పూసల్లో బంధించి, గాజు గొట్టంలో నింపి, పాలను వాటి మీదుగా పారించడం నా పని. చక్కెరలు విరిగిపోతాయి, పూసలు గొట్టంలోనే ఉండి మళ్లీ పనికొస్తాయి. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి నా ఓపికంతా పట్టింది.

మహబూబాబాద్‌లో మా అక్క తమ కిరాణా కొట్టు వెనక సోయాపాలు తీసి కొత్తగూడ వైపు హాస్టళ్లకు పంపేది. పిల్లలు కడుపులు పట్టుకుని కూర్చుంటున్నారని వార్డెన్ వద్దన్నాడు.

"నీ సదువు ఇప్పుడన్న జర అక్కరకొస్తదేమో సూడు చెల్లె," అని అక్క ఫోన్ చేసింది.

ఉద్యమంలో భాగంగా మొదలైన సమ్మె వల్ల ల్యాబ్ మూతపడబోతోంది. గైడును అడిగి, పూసలను ఐసు నింపిన ఫ్లాస్కులో, గాజు గొట్టాన్ని సంచిలో పెట్టుకుని రైలెక్కాను.

రైలు జనగామలో ఆగిపోయింది. జనం పట్టాల మీద కూర్చుని, అక్కడే పొయ్యిలు పెట్టి వండుతున్నారు. అది మా పుట్టినూరే, ఇంటికి పోవచ్చు. కానీ రైలు ఎప్పుడు కదులుతుందో తెలియక ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని ప్లాట్‌ఫాం మీదే కూలబడ్డాను. తరిగొప్పుల నుంచి వచ్చిన ఒక పెద్దామె నాకు విస్తరిలో అన్నం తెచ్చి పెట్టింది.

"గా డబ్బల ఏంది బిడ్డా? ఎవలకన్న మందా?"

"మందు కాదవ్వా. సోయాపాలు తాగితే కడుపు ఉబ్బకుండ చేసేది. సల్లగుండాలె, లేకుంటే ఖరాబైతది."

ఆమె ఫ్లాస్కు ఊపి చూసింది. "ఐసంత కరిగింది గద. లే, సోడా దుకాణంల అడుగుదాం. తెలంగాణ వచ్చేదాక రైళ్లు గిట్లనే ఆగుతయి," అని నవ్వింది. నాకు నవ్వే ఓపిక లేకపోయింది. సోడా దుకాణం అతను ఫ్లాస్కు నిండా ఐసు వేసి పంపాడు.

మర్నాడు మహబూబాబాద్ చేరాను. గొట్టంలోంచి దిగిన పాలు ముందు మేమే తాగాలని, పిల్లలకు తర్వాతేనని అన్నాను. ఏం తిన్నా కడుపుబ్బరమనే అక్క అత్తగారు గ్లాసెడు తాగి, సాయంత్రం దాకా పొట్ట తడుముకుంటూ కూర్చుంది.

"ఏం లేదే! కడుపు తేలికనే ఉంది," అంది. అక్క నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఆ సంతోషం నిలవలేదు. బొగ్గు బావుల్లోనూ సమ్మె నడుస్తోంది, బొగ్గు అందక కరెంటు కోతలు పెరిగిపోయాయి. బావ తమ్ముడు భూపాలపల్లి గనిలో పనిచేసేవాడు. అతను ఫోన్ చేస్తే అక్క అంది:

"నువ్వాడ బొగ్గు ఆపితివి, ఈడ నా ఫ్రిజ్ ఆగింది."

"ఏం జెయ్యమంటవ్ వదినా?"

"ఏం జెయ్యకు. ఆపినోళ్లు ఆపిండ్రు గద, తెలంగాణ తెచ్చేదాక ఆపుండ్రి."

ఫోన్ పెట్టేసి నుదురు రుద్దుకుంది.

ఊళ్లో ఐసు కూడా దొరకలేదు. పూసలకు అంటిన పాలు పులిశాయి. పూసలు మెత్తబడి, జిగురు పట్టి, వాసన కొట్టాయి. పెరట్లో నల్లా దగ్గర గొట్టం బోర్లించి పారబోశాను.

"మళ్ల జేస్తవా?" అని అడిగింది అక్క.

"ల్యాబ్ తెరిస్తే చేస్తా."

తను సోయా గింజలు నానబోసింది. నానబెట్టిన నీళ్లు, ఉడికించిన నీళ్లు పారబోసి పాలు తీస్తే ఉబ్బరం కొంత తగ్గింది. వార్డెన్ పిల్లలకు సగం గ్లాసు చొప్పున పోయడానికి ఒప్పుకున్నాడు. ఆ చాకిరీ అక్క ఒక్కతే చేసేది.

రాష్ట్రం వచ్చాక నా పరిశోధన పూర్తయింది. అప్పటికి అక్క సోయా మానేసి, అదే గ్రైండర్‌లో ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతోంది.

"ఇప్పుడు పూసలు తేవాల్నా అక్కా?"

"వద్దు చెల్లె, ఇగ నాతోని కాదు. కూసో, చాయ్ తాగు."

కూర్చున్నాను. నాకూ కూర్చుంటే చాలనిపించింది.