గూట్లో పెట్టిన వాచీ

మొన్న ఆదివారం ముమ్మిడివరంలో, కొత్తగా కాపురం పెట్టిన మా అమ్మాయి ఇంట్లో భోంచేస్తుంటే, అల్లుడుగారు నవ్వుతూ అన్నారు: "మీ అమ్మాయికి కాస్త చెప్పండి అత్తయ్యగారండీ. కోపమొస్తే నాకు ఒళ్ళు తెలీదండీ." ఆ మాట నేను ఇదివరకే విన్నాను, ఇంతే మెత్తటి గొంతులో.

ఇంటర్ చదివిన రెండేళ్ళూ రాజోలులో మా బాబాయిగారింట్లో ఉన్నాను. ఆయన మాస్టారు, చర్చిలో సంఘపెద్ద. దూడని కూడా అండీ అంటారని ఊళ్ళో వేళాకోళం. బడిలో ఏ పిల్లాడి మీదా చెయ్యెత్తి ఎరగరు. ఆ చెయ్యి మా పిన్ని కోసమే దాచుకున్నారు. కూర చల్లారిందని, చెప్పకుండా తమ్ముడింటికి వెళ్ళిందని, ఒక్కోసారి ఎందుకు నవ్వావని. తర్వాత ఆయనే కొబ్బరినూనె వెచ్చచేసి రాసేవారు. "కోపమొస్తే నాకు ఒళ్ళు తెలీదమ్మా. నాకు మాత్రం సరదానా? అంతదాకా తెచ్చేది మీ పిన్నే" అనేవారు నాతో. నిజంగానే బాధపడేవారు, తన కోసం. తలుచుకుంటే నాకిప్పటికీ దానికే భయం.

దీపాలు పెట్టే వేళ కుటుంబ ప్రార్థన. ఎవరి తప్పు వాళ్ళు పైకి ఒప్పుకోవాలని ఆ ఇంటి పద్ధతి. దెబ్బలు తిన్న రోజున పిన్ని, వాచిన పెదవితో, ఆయనకి కోపం తెప్పించినందుకు క్షమించమని దేవుణ్ణి అడిగేది. ఆయన తప్పు ఎన్నడూ ప్రార్థనలోకి రాలేదు. గట్టిగా ఆమెన్ అనేదాన్ని నేను. ఆయనదే న్యాయమనుకున్నాను. పిన్నికి ఎడమ చెవి ఆ రెండేళ్ళలోనే వినపడకుండా పోయింది.

ఒళ్ళు తెలియదన్న మనిషి, చెయ్యెత్తేముందు చేతివాచీ విప్పి, గీత పడకుండా గూట్లో పెట్టేవారు. రోజూ చూసినా, అదేమిటో నాకు చాలా ఏళ్ళకిగాని తట్టలేదు.

అల్లుడుగారు లేచి చెయ్యి కడుక్కుని, వాచీ విప్పి ఫ్రిజ్ మీద పెట్టారు. ఎవరైనా పెడతారు. కానీ మా అమ్మాయి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. దాని కళ్ళు వాచీ మీదే ఉన్నాయి.

బట్టలు సర్దుకో, మూడింటి బస్సుకి వెళ్దామన్నాను. అది మొగుడి మొహం చూసింది. ఆయన వాచీ మళ్ళీ పెట్టుకున్నారు.

"ఆయ్, తీసుకెళ్ళండి. వచ్చే ఆదివారం నేనే వచ్చి తెచ్చుకుంటానండి."

గుమ్మం దాకా వచ్చి మర్యాదగా సాగనంపారు. రాజోలులో అన్న ఆమెన్‌ని వెనక్కి తీసుకోవడానికి నాకు ముప్ఫయ్యేళ్ళు పట్టింది. అల్లుడుగారు మాకిచ్చిన గడువు వారం.