మొదటి రాష్ట్రపతిగారికి పీచు మీసం

రిపబ్లిక్ డేకి బడిలో వేషాల పోటీ పెట్టేరు. మా మనవరాలికి దేశపు మొదటి రాష్ట్రపతి వేషం ఇచ్చేరు. పొద్దున్నే చూస్తే మా కోడలు ఆ పిల్ల కోటుకి గులాబీ పువ్వు గుచ్చుతోంది!

నాకు ఒళ్ళు మండిపోయింది. "గులాబీ ప్రధానమంత్రిగారిదమ్మా! రాష్ట్రపతిగారిది గుబురు మీసం," అన్నాను.

"ఇద్దరిదీ ఒకే టోపీ కదండీ మామయ్యగారూ, ఎవరు పట్టించుకుంటారు?" అంది.

పట్టించుకోరా! బాగా నడుస్తున్న వకీలు పని వదిలేసుకుని, జైళ్ళలో మగ్గి, రాజ్యాంగం రాసిన సభకి అధ్యక్షుడైన మనిషాయన. నాకు బడి చదువు లేదు. మలికిపురంలో కొబ్బరికాయలు వలిచే రోజుల్లో పాత పేపర్లు కూడబలుక్కుంటూ చదివి ఆయన కథ తెలుసుకున్నాను. ఆ కోపంతోనే పెరట్లోకి పోయి, కొబ్బరి డొక్క పీచు దువ్వి, మీసం చేసి, బంకతో అతికించేను.

వేదికెక్కిన పిల్ల ఆయన కథ జైలు దాకా చెప్పిందో లేదో, పీచు ముక్కులో దూరి గట్టిగా తుమ్మింది. మీసం ఎగిరెళ్ళి హెడ్మాస్టారి ఒళ్ళో పడింది. జనం గొల్లున నవ్వేరు.

హెడ్మాస్టారు కూడా నవ్వుతూ, "మీసం పోయిందిగా, ఇంక ప్రధానమంత్రిగారేనా?" అన్నారు.

పిల్ల నడుం మీద చేతులేసుకుంది. "మీసం పోతే మనిషి మారిపోతారేంటండీ? నేను రాష్ట్రపతినేనండి. జైల్లో ఉన్నాను. మాట్లాడకుండా వినండి!"

"ఆయ్, చెప్పండమ్మా," అని ఆయన చేతులు కట్టుకున్నారు.

ఆ కథ మా ఊరంతా కూర్చుని చివరిదాకా వినడం నేను చూడ్డం అదే మొదటిసారి.